తొంభై ఆరు డెసిబుల్స్ ఆనందం

మొన్న గురువారం మా బళ్ళో ఆనందం సున్నాగా నమోదైందట. ఎందుకలా అయిందో మూడు రోజుల్లోగా తెలియజేయాలని నాకు మెమో వచ్చింది. "నెట్‌వర్కు అందలేదు" అని ఒక్క ముక్క రాసి పంపించేశాను. మా శాఖలో అంతకు మించిన సత్యం లేదు, దాన్ని కాదన్న అధికారి ఇంతవరకూ పుట్టలేదు. అసలు సంగతి మాత్రం మీకు చెబుతాను. మీరు మా శాఖవాళ్ళు కారు కాబట్టి చివరిదాకా వింటారు.

నా పేరు తవిటినాయుడు. నీలయ్యవలస ప్రాథమిక పాఠశాలకి హెడ్మాస్టర్ని నేనే, మిగతా మాస్టార్లందర్నీ నేనే. తరగతులు అయిదు, గది ఒకటి, పిల్లలు ఇరవై ముగ్గురు. ఊళ్ళో ఆడవాళ్ళు చాలామంది జీడిపిక్కల ఫ్యాక్టరీకి పోతారు. మగవాళ్ళలో కొందరు కూడా పనిచేస్తారు.

పిల్లలన్నాక కొట్టుకుంటారు. పెన్సిలు ముక్క కోసం కొట్టుకుంటారు, కిటికీ పక్కన చోటు కోసం కొట్టుకుంటారు, ఏమీ తోచకపోయినా కొట్టుకుంటారు. నేను "ఒరే" అంటే ఆగుతారు, ఆగకపోతే "ఒరేయ్" అంటాను. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఈ రెండిటితోనే నెట్టుకొచ్చాను. కానీ ఎక్కడో ఏదో బళ్ళో ఓ పిల్లవాడు టీచరు చెయ్యి కొరికాడని పేపర్లో పడింది. పేపర్లో పడ్డాక ఊరుకోవడానికి శాఖకి వీల్లేదు. పిల్లలు కొట్టుకోవడం మానాలంటే చప్పట్లు కొట్టాలని రాజధానిలో ఎవరికో తోచింది.

పద్నాలుగు పేజీల ఉత్తర్వు వచ్చింది. పేరు "సమ్మిళిత ఆనంద కరతాళ కార్యక్రమం". అందులో నాలుగో పేజీలో అసలు సిద్ధాంతం ఉంది: "హస్తములు కరతాళ ధ్వనులయందు నిమగ్నమై యున్నంత తడవు ఇతరులను తాడించుటకు వాటికి తీరిక యుండదు." చదివి కాసేపు ఆలోచించాను. కాదనడానికి ఏమీ దొరకలేదు.

దాని మీద మండల కేంద్రంలో మూడు రోజుల శిక్షణ జరిగింది. చెవి దగ్గర మైకు తగిలించుకున్న ఓ కుర్ర మాస్టర్ ట్రైనరు మా చేత రకరకాల చప్పట్లు కొట్టించాడు. వాన చప్పట్లు ఒక్కో వేలితో మొదలై జోరందుకుంటాయి. ఇడ్లీ చప్పట్లు మెత్తగా ఉంటాయి. పకోడీ చప్పట్లు నూనెలో వేసినట్టు చిటపటలాడాలి. రైలు చప్పట్లకి ఒకరు ఇంజను, మిగతావాళ్ళు పెట్టెలు. ఇంజను ఎవరన్నదాని మీద రెండో రోజు ఇద్దరు సీనియర్ మాస్టార్లు ఒకరి కాలరు ఒకరు పట్టుకున్నారు. ఉత్తర్వు ప్రకారం అందరం చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టాం. విడిపోలేదు. సమోసాలు వచ్చాక విడిపోయారు.

చివరి రోజు సందేహాలుంటే అడగమన్నారు. నేను లేచాను.

"చప్పుడంటే భయపడే పిల్ల ఉంటే ఏం చెయ్యాలండీ?"

కుర్రాడు పుస్తకం ముందుకీ వెనక్కీ తిరగేశాడు. "అలాంటి పిల్లల ప్రస్తావన మాడ్యూల్లో లేదు సార్" అన్నాడు. ప్రశ్న అడిగినందుకు నాకు పకోడీ చప్పట్లు కొట్టించాడు.

మాడ్యూల్లో లేని ఆ పిల్ల మా బళ్ళో ఉంది. పేరు జోషిత, ఏడేళ్ళు, రెండో తరగతి. ఎవరితోనూ మాట్లాడదు. చింతపిక్కలు వరసగా పేర్చి వంద దాకా లెక్కపెడుతుంది. తొంభై తొమ్మిది దగ్గర మీరొక పిక్క కదిపితే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది తప్ప మిమ్మల్ని ఏమీ అనదు. ఇలాంటి పిల్లల్ని చూడ్డానికి నలభై ఒక్క బళ్ళకి ఒక్కతే రిసోర్సు టీచరు ఉంది, హైమ అని. నెలకోసారి వస్తుంది. ఆవిడ మొదటిసారి జోషితను చూసినప్పుడే చెప్పింది, ఈ పిల్లకి చప్పుడు వినబడదు మాస్టారూ, దెబ్బలా తగులుతుంది అని. ఆ మర్నాటి నుంచి నేను బడిగంట మానేశాను. గుమ్మంలో నిలబడి "రండర్రా" అనేవాణ్ణి, వచ్చేవాళ్ళు. జూన్ నుంచి దసరా దాకా జోషిత ఒక్కరి మీదా చెయ్యెత్తలేదు.

దసరా సెలవులయ్యాక కార్యక్రమం మొదలైంది. నలభై నిమిషాలకోసారి, అంటే పీరియడు అయిపోగానే, రెండు నిమిషాలు చప్పట్లు కొట్టాలి. "కరతాళ మిత్ర" అనే యాప్ దానంతటదే తెరుచుకుని శబ్దం కొలుస్తుంది. ఎనభై డెసిబుల్స్ దాటితే ఆనందం ఉన్నట్టు. ఎనభైకి తగ్గితే ఎంత తగ్గినా సున్నాయే. రోజుకోసారి పిల్లలందరూ చేతులెత్తిన ఫోటో కూడా అందులోకి ఎక్కించాలి. పిల్లలెవరైనా ఎవరినైనా కొడితే అదే యాప్‌లో సంఘటనగా నమోదు చెయ్యాలి. ఒకే పిల్ల పేరు మీద పది సంఘటనలు పడ్డాయంటే ఆ పిల్లని జిల్లా కేంద్రంలోని "ప్రత్యేక సర్దుబాటు కేంద్రం"కి పంపించేస్తారు. అది డెబ్భై కిలోమీటర్లు.

మొదటి రోజు మొదటి పీరియడు చివర వాన చప్పట్లు కొట్టాం. ఇరవై రెండు మంది పిల్లలు, పైన రేకుల కప్పు. జోషిత రెండు చేతులతో చెవులు మూసుకుంది, కళ్ళు మూసుకుంది, ఆఖరికి ఓ కేక పెట్టి చేతికందిన పలక విసిరింది. అది పక్కనే కూర్చున్న డిల్లీశ్వరి నుదుటికి తగిలి బొప్పి కట్టింది. డిల్లీశ్వరి మూడో తరగతి. నోరు ఊరంత పెద్దదే కానీ మనసు మంచిది. "మాస్టారండి, నన్ను కాదండి కొట్టింది, సప్పుణ్ణండి" అంది నుదురు రుద్దుకుంటూ.

సంఘటన నమోదు చేశాను. యాప్ అడిగింది: "సంఘటనకు ముందు చప్పట్లు కొట్టించారా?" అవునన్నాను. "శబ్దం ఎంత?" ఎనభై నాలుగు. "అభినందనలు" అంది. తర్వాత ఎర్ర అక్షరాలు వచ్చాయి. "హింస చోటుచేసుకున్నందున అదనంగా రెండు నిమిషాలు చప్పట్లు కొట్టించగలరు."

ఉత్తర్వు ఉత్తర్వే కదా, కొట్టించాను. జోషిత ఈసారి తన చెయ్యి తనే కొరుక్కుని, అడ్డొచ్చిన నన్ను గీరింది. అది రెండో సంఘటన. రెండో సంఘటనకి అదనంగా నాలుగు నిమిషాలు పడ్డాయి. మధ్యాహ్నం భోజనాల వేళకి లెక్క నాలుగుకి చేరింది. నా ముంజేతి మీద అయిదు గీతలు పడ్డాయి. యాప్‌లో మాత్రం మా బడికి "ఉత్సాహభరిత పాఠశాల" అని బంగారు నక్షత్రం వచ్చింది. నక్షత్రం చూసి ఏడవాలో నవ్వాలో తెలీలేదు. బెదిరి బెంచీ కింద దూరిన పిల్లని చూసి మాత్రం నా మీద నాకే అసహ్యం వేసింది.

సాయంత్రం వాళ్ళమ్మ ఎర్నమ్మ ఫ్యాక్టరీ నుంచి నేరుగా బడికి వచ్చింది. జీడిపిక్కల నూనెకి ఆవిడ అరచేతులు నల్లగా కాలి పెచ్చులు లేచి ఉంటాయి. పైట చెంగులో చేతులు దాచుకుని నిలబడింది.

"ఏటి మాస్టారూ, మా గుంట కొట్టీసిందంట?"

చెప్పాను. పది సంగతి కూడా చెప్పాను, దాచిపెట్టడం ధర్మం కాదని.

"కుక్కరు ఈలేత్తాదని నాను కుక్కరే కొన్నేదు మాస్టారూ. పొయ్యి మీదే వండుతన్నాను. మా ఇంట్లో ఎవుల్నీ ఏటీ అన్దు. ఆ కేంద్రం ఏడున్నాది?"

"జిల్లా కేంద్రంలో."

"నాను పనికెల్తేనే గదా కూడు. రోజూ ఎవులు తీసుకెల్తారు? ఆడ వదిలీమంటారా, ఏడేళ్ళ గుంటని?" అంది. ఆ వెంటనే, "ఆడ సప్పట్లు కొట్టరా మాస్టారూ?" అని అడిగింది.

ఉత్తర్వు మళ్ళీ చూశాను. ప్రత్యేక సర్దుబాటు కేంద్రాల్లో రోజుకి పన్నెండు సార్లు కొట్టాలని ఉంది. ఆ మాట ఆవిడకి చెప్పలేక, కనుక్కుంటానమ్మా అన్నాను.

మర్నాడు పొద్దున్నే మండల విద్యాశాఖాధికారి కామేశంగారి దగ్గరికి వెళ్ళాను. చెడ్డమనిషి కాదు. ఏ కాగితం మీదైనా సంతకం చేసే ముందు ఎవరి సంతకం కింద చెయ్యాలో చూసుకునే మనిషి.

"ఆ ఒక్క పిల్లకి మినహాయింపు ఇప్పించండి సార్" అన్నాను.

"మినహాయింపు అంటే బహిష్కరణ తవిటినాయుడుగారూ. సమ్మిళితం అంటే ఏమిటి? అందరూ. అందులో ఒకర్ని తగ్గిస్తే అది సమ్మిళితం ఎలా అవుతుంది?"

"చప్పట్లప్పుడు బయట కూర్చోబెడతాను."

"ఫోటోలో ఇరవై రెండు తలలే కనిపిస్తాయి. యాప్ మిమ్మల్ని వివక్ష కింద పట్టుకుంటుంది."

"చెవుల్లో దూది పెడతాను."

ఆయన కుర్చీలో వెనక్కి జరిగారు. "విద్యార్థి శరీరావయవములందు అన్యపదార్థమును జొప్పించుట. శారీరక శిక్షల నిషేధం కిందికి వస్తుందండీ. ఉద్యోగం పోతుంది మీకు."

"పోనీ మెల్లగా కొడతాం."

"మెల్లగా కొట్టబట్టే హింస తగ్గలేదంటుంది పైఆఫీసు. మోతాదు పెంచమంటారు." గోడ మీది పటం చూపించారు. కార్యక్రమం మొదలైన నాటి నుంచి మండలంలో సంఘటనల గీత ఏటవాలుగా పైకి పోతోంది.

"పెరిగిపోతోంది కదండీ" అన్నాను.

"అలా చూడకూడదు. ఇన్నాళ్ళూ పిల్లల్లో నిద్రాణంగా ఉన్న హింస చప్పట్ల మూలంగా బహిర్గతమవుతోంది. ఇది విజయం" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "నాకూ ఓ మనవడున్నాడండి, మిక్సీ వేస్తే ఇల్లెగిరిపోయేలా ఏడుస్తాడు. ఏం చేస్తాం, ఉత్తర్వు" అన్నారు. టీ తెప్పించారు. ఇద్దరం తాగి లేచాం.

ఆ వారం గడిచేసరికి జోషిత పేరు మీద తొమ్మిది సంఘటనలు పడ్డాయి. నేను రాయకుండా ఊరుకుందామన్నా వీల్లేదు, కేక వినబడితే యాప్ తనంతట తనే "ఏమైంది?" అని అడిగేది. తొమ్మిదోదాని తర్వాత పిల్ల పిక్కలు పేర్చడం కూడా మానేసింది. పీరియడు అయిపోవడానికి పది నిమిషాల ముందు నుంచే చెవుల మీద చేతులు పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చునేది. ఇంకొక్క చప్పట్ల మోత, ఇంకొక్క పలక, అంతే సంగతులు. ఆ రోజు భోజనాల వేళ ఉత్తర్వు పద్నాలుగు పేజీలూ మళ్ళీ తిరగేస్తూ కూర్చున్నాను.

నా ముందుకి డిల్లీశ్వరి వచ్చి నిలబడింది. నుదుటి మీద బొప్పి పసుపు రంగుకి తిరిగింది.

"మాస్టారండి, మనం సప్పుడవకండా సప్పట్లు కొడదామండి."

"అదెలాగే?"

"మా నాయినమ్మకి సెవులు వినబడవండి. నాను పాట పాడితే ఇలగ ఆడిత్తాదండి." రెండు చేతులూ తల పక్కకి ఎత్తి, వేళ్ళు విప్పి, అరచేతులు అటూ ఇటూ తిప్పింది. "నాను నాయినమ్మకి ఇలగే కొడతానండి. దానికి తెలుత్తాదండి."

భోజనాలయ్యాక పీరియడు చివర ఇరవై రెండు జతల చేతులు గాలిలో ఆడాయి. బల్లిపిల్ల పాకిన చప్పుడు కూడా లేదు. జోషిత గోడవైపు తిరిగే ఉంది. మోత రాలేదని కాసేపటికి మెల్లగా తల తిప్పి, చేతుల సందులోంచి చూసింది. చెవుల మీది చేతులు దించింది. నేను యాప్ కోసం ఫోను వెతుక్కున్నాను. జేబులో లేదు.

వంటశాల గట్టు మీద మరిచిపోయాను. పరుగున వెళ్ళేసరికి మా వంటావిడ అప్పాయమ్మ స్టీలు పళ్ళాలు తొట్టెలో పడేసి, నా ఫోను పక్కనే కూర్చుని, దబదబా తోముతోంది. తెర మీద రంగురంగుల కాగితపు ముక్కలు రాలుతున్నాయి. "తొంభై ఆరు డెసిబుల్స్! అద్వితీయ ఆనందం! మీ పాఠశాల రాష్ట్రంలో ప్రథమ స్థానం!"

అప్పాయమ్మ నా మొహం చూసి భయపడింది. "సప్పుడు ఎక్కువైందేటి మాస్టారూ? మెల్లగా తోమీమంటారా?"

"వద్దమ్మా" అన్నాను. "రోజూ ఇలాగే తోము. పీరియడుకోసారి తోము."

ఆ రోజు నుంచి మా బడి పద్ధతి స్థిరపడిపోయింది. తరగతిలో చేతులెత్తిన ఫోటో తీసి, ఫోనుని ఎవరో ఒకరి చేత మైదానం అవతలున్న వంటశాలకి పంపించేవాణ్ణి. యాప్ ఫోటోలో చేతులు ఉన్నాయా లేవా అనే చూస్తుంది, అవి ఏం చేస్తున్నాయో చూడదు. ఇక్కడ చేతులు ఆడేవి, అక్కడ పళ్ళాలు మోగేవి. రోజుకి ఆరుసార్లు కడగడంతో మా బడి పళ్ళాలంత శుభ్రమైన పళ్ళాలు ఈ రాష్ట్రంలో లేవు. మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. సంఘటనలు ఆగిపోయాయి. జోషిత మళ్ళీ పిక్కలు పేర్చింది, ఈసారి వంద దాటి నూట ఇరవై దాకా పోయింది.

ఇక్కడే నేను పొరపాటు చేశాను. మా శాఖలో పని చెయ్యకపోతే మెమో వస్తుంది, బాగా చేస్తే పరిశీలనకి వస్తారు. మూడు వారాల పాటు తొంభై ఆరుకి తగ్గని ఆనందం, సున్నా హింస. కామేశంగారు ఫోను చేశారు. 

"తవిటినాయుడుగారూ, సంయుక్త సంచాలకులు డాక్టర్ శతానందంగారు సాక్షాత్తూ మీ బడికి వస్తున్నారు. కార్యక్రమం ఆయన మానసపుత్రిక. తొమ్మిది సంఘటనల దగ్గర ఆగిపోయిన ఆ పిల్లని ప్రత్యేకంగా చూస్తారట. ఆయన వెంట పద్దెనిమిది మంది. వాళ్ళ శబ్దమాపకం వాళ్ళే తెచ్చుకుంటారు."

ఎర్నమ్మకి చెప్పాను. ఆ రోజు పని మానేసి వచ్చి కిటికీ బయట చువ్వలు పట్టుకుని నిలబడింది. నాలుగు వాహనాలు దిగాయి. శతానందంగారు నిండు మనిషి, చేతులు కూడా నిండుగా ఉన్నాయి. గదిలోకి వచ్చి పిల్లల్ని ఒక చూపు చూసి ఉపన్యాసం మొదలుపెట్టారు.

"చిన్నారులారా! హింస అనునది నిరుపయోగమైన హస్తముల నిరాశా వ్యక్తీకరణ. దానిని మనము ఆనంద నాదముగా పరివర్తన చెందించుచున్నాము. ఏదీ, మీ అద్వితీయ కరతాళమును వినిపించండి!"

ఓ ఇంజనీరు శబ్దమాపకం బల్ల మీద పెట్టాడు. కామేశంగారు పలక లాంటి కంప్యూటరు పట్టుకుని పక్కన నిలబడ్డారు. నేను తల ఊపాను. ఇరవై రెండు జతల చేతులు లేచి గాలిలో తిరిగాయి.

నిశ్శబ్దం. ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. శబ్దమాపకం ముప్పై ఒకటి చూపిస్తోంది.

"శబ్దమేదీ?" అన్నారు శతానందంగారు.

మైదానం అవతల అప్పాయమ్మకి వాహనాల హడావుడి వినబడింది. పెద్దవాళ్ళు వచ్చారు కదా, ఇవాళ బాగా తోమాలనుకుంది కాబోలు. నా ఫోను ఎప్పటిలాగే ఆవిడ పక్కనే ఉంది. కామేశంగారి చేతిలో తెర మీద కాగితపు ముక్కలు రాలాయి. "నీలయ్యవలస: తొంభై ఆరు డెసిబుల్స్" అని అంకె మెరిసింది.

అధికారులందరూ తెర చూశారు. తర్వాత బల్ల మీది శబ్దమాపకం చూశారు. తర్వాత గాలిలో ఊగుతున్న చేతుల్ని చూశారు. గదిలో చప్పుడు లేదన్నది వాళ్ళ చెవులకీ తెలుస్తూనే ఉంది. కాని రాజధాని దాకా నమోదైన అంకెని చెవుల మాట విని కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

"మీ పరికరం చెడిపోయినది" అన్నారు శతానందంగారు ఇంజనీరుతో.

"అవును సార్, నిన్నటి నుంచే తేడాగా ఉంది సార్" అన్నాడు ఇంజనీరు.

"అద్భుతం! చెవికి వినబడనంత ఉన్నతస్థాయి ఆనందం!" అన్నారాయన. నేను గండం గడిచిందనుకున్నాను. అప్పుడే ఆయన ఆ నిండు చేతులెత్తి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. నాకు అభినందనట. పైవారు కొట్టాక కిందివారు ఆగుతారా, పద్దెనిమిది మందీ అందుకున్నారు. శిక్షణలో నేర్చిన పకోడీ చప్పట్లు. రేకుల కప్పు అదిరిపోయింది.

మా పిల్లలు బెదిరిపోయారు. "సార్! అలగ కాదండి! ఇలగ! ఇలగ!" అని డిల్లీశ్వరి చేతులు తిప్పి చూపిస్తోంది, ఎవరికీ వినబడటం లేదు. జోషిత భుజాలు చెవుల దాకా లేచాయి. లేచి నిలబడింది. చేతిలో పలక ఉంది. కిటికీ చువ్వల వెనక ఎర్నమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కామేశంగారి చూపుడువేలు తెర మీద "సంఘటన" అన్న చోట ఆగింది. పదోది. నేను ఒరే అనడం కూడా మరిచిపోయాను.

జోషిత పలక విసరలేదు. కళ్ళు సగం మూసుకుని, మోతకి ఎదురు నడిచింది. గదిలో అందరికన్నా గట్టిగా కొడుతున్నది ఎవరో ఆ పిల్లకి తెలుసు. శతానందంగారి ముందుకు వెళ్ళి, ఆయన రెండు అరచేతుల మధ్యలో పలక పెట్టింది. పెట్టి ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ దాని చుట్టూ మూసింది.

ఆయన చేతులకి పని పడింది. చప్పట్లు కొట్టాలంటే పలక కిందపడుతుంది. ఆయన ఆగారు. పైఅధికారి చేతులు ఆగితే కింది చేతులు ఆగడం మా శాఖ సంప్రదాయం. పద్దెనిమిది మందీ ఒక్కసారిగా ఆగిపోయారు. ఉత్తర్వు నాలుగో పేజీలో రాసిన మాట నిజమేనని ఆ రోజు నాకు రుజువైంది, హస్తములు నిమగ్నమై యున్నంత తడవు తీరిక యుండదు.

"సంఘటనగా నమోదు చేయమంటారా సార్?" అని కామేశంగారు మెల్లగా అడిగారు. "కొట్టుట, కొరుకుట, గీరుట, విసురుట ఉన్నాయి. పలక ఇచ్చుట లేదు. ఇతరములు అని ఉంది."

నేను కామేశంగారి కళ్ళలోకి చూశాను. ఆయనా చూశారు. మనవడు గుర్తొచ్చాడేమో, "నా ఉద్దేశంలో ఇది జ్ఞాపిక సార్. పరివర్తన చెందిన బాలిక తమకి బహూకరించింది" అన్నారు. ఆయన సర్వీసులో ఎవరి సంతకమూ చూసుకోకుండా చెప్పిన మొదటి మాట అదే అనుకుంటాను.

"జ్ఞాపికే!" అన్నారు శతానందంగారు పొంగిపోయి. పలక పట్టుకుని ఫోటో దిగారు. దాని మీద జోషిత ఒకటి నుంచి వంద దాకా రాసి ఉంచింది, ఆయన తలకిందులుగా పట్టుకున్నారు. పేపర్లో అలాగే పడింది. పలక తనతో రాజధానికి తీసుకుపోయారు కాబట్టి పిల్లకి ఇంకొకటి కొనిచ్చాను.

నెల తిరిగేలోగా కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇకనుంచి రాష్ట్రమంతటా "శతానంద నిశ్శబ్ద కరతాళం" అమలు చేయాలి. చేతులు తల పక్కన ఎత్తి తిప్పాలి, ఏమాత్రం శబ్దం రాకూడదు. నీలయ్యవలస నమూనాని అనుసరించి శబ్దం తొంభై ఆరు డెసిబుల్స్‌కి తగ్గకూడదు.

నన్ను మాస్టర్ ట్రైనర్ని చేశారు. అరవై మంది మాస్టార్లకి చెవి దగ్గర మైకు తగిలించుకుని చేతులు తిప్పడం నేర్పాను. విరామంలో ఒక్కొక్కరే పక్కకి పిలిచి, "చప్పుడు లేకుండా తొంభై ఆరు ఎలా వస్తుంది మాస్టారూ?" అని అడిగారు. "మీ బళ్ళో పళ్ళాలున్నాయా?" అని అడిగాను. తెలివైనవాళ్ళు, వెంటనే అర్థం చేసుకున్నారు. ఈ మధ్య జిల్లాలో ఏ బడికెళ్ళినా పళ్ళాలు తళతళలాడుతున్నాయి.

ఇక మొన్న గురువారం సంగతి. ఆ రోజు అప్పాయమ్మ కూతురికి పురుడొచ్చిందని సెలవు పెట్టింది. ఫోను నా బల్ల మీదే ఉండిపోయింది, నేను గమనించలేదు. ఎందుకంటే డిల్లీశ్వరి ఏడో ఎక్కం అప్పజెబుతోంది. ఆ పిల్లకి మూడు నెలల నుంచి ఏడెనిమిదుల దగ్గర బండి ఆగిపోయేది. ఆ రోజు కళ్ళు గట్టిగా మూసుకుని, "ఏడెనిమిదులు యాభై ఆరు" అని దాటేసింది. ఏడు పదులు డెబ్భై అని కళ్ళు తెరిచింది.

అందరికన్నా ముందు రెండు చేతులు గాలిలోకి లేచాయి. చిన్న చేతులు, వేళ్ళు విప్పి, అటూ ఇటూ తిరుగుతున్నాయి. అవి జోషితవి. ఇన్ని నెలల్లో ఎవరికోసమైనా ఆ పిల్ల చేతులెత్తడం అదే మొదలు. డిల్లీశ్వరి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. తర్వాత మిగతా చేతులన్నీ లేచాయి, ఆఖరికి డిల్లీశ్వరివీ, నావీ కూడా. పిల్లలవి లెక్కపెట్టుకున్నాను. ఇరవై మూడుకి ఇరవై మూడు.

సాయంత్రం పిల్లని తీసుకుపోవడానికి వచ్చిన ఎర్నమ్మకి ఈ మాట చెప్పాను. ఆవిడ పైట చెంగులోంచి ఆ నల్లటి అరచేతులు బయటికి తీసి, కూతురి ముందు ఎత్తి తిప్పింది.

బల్ల మీద ఫోను వణికితే తీసి చూశాను. "నేటి ఆనందం: సున్నా. కారణం తెలుపగలరు."